గుత్తి పేరున్న సాలీడు కోసం అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. అనంతపురం జిల్లా గుత్తి నుంచి రాస్తున్నాను. మా ఊరి పేరు చెబితే మనవాళ్లకు కోట, రైల్వే జంక్షన్ గుర్తొస్తాయి. సాలీళ్లను చదివే శాస్త్రవేత్తలకు మాత్రం నీలమణిలా మెరిసే ఒక సాలీడు గుర్తొస్తుంది. 1899లో ఇక్కడి రైల్వే కలప అడితిలో దొరికిన నమూనాను చూసి, రెజినాల్డ్ పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దానికి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టారు. అది బహుశా దుంగలతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుంది. ఆ తరువాత నూరేళ్లకు పైగా ఎవరి కంటా పడక, 2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో మళ్లీ కనిపించింది. పేరు మాది, ఇల్లు నల్లమలది.

2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పులో ఉన్న జీవుల ఎర్రజాబితాలో, అడవి నుంచి అంతరించిందని ప్రకటించడానికి ముందున్న చివరి మెట్టు మీద చేర్చింది. అప్పటికి తెలిసిన దాని నివాసం 100 చదరపు కిలోమీటర్ల లోపే. అదీ కలపకూ వంటచెరకుకూ నరుకుడు పడుతున్న అడవి. విదేశాల్లో దీన్ని గాజుపెట్టెల్లో పెంచుకునే మోజు ఉండడంతో, 2019లో, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలోకి ఈ ప్రజాతి మొత్తాన్నీ తెచ్చారు. కాగితం మీద సాలీడుకు రక్షణ దొరికింది గానీ, అది కాపురముండే చెట్టుకు దొరకలేదు.

ఇది నేలలో బొరియ తవ్వుకునే రకం కాదు. పాత చెట్ల తొర్రల్లో గూడు అల్లుకుని, పగలంతా లోపలే ఒదిగి ఉండి, చీకటి పడ్డాక తొర్ర అంచుకు వచ్చి ఎగిరే పురుగుల కోసం కాచుకుంటుంది. తొర్ర చెట్టు పలకలకు పనికిరాదు కనుక ముందుగా పొయ్యిలోకి పోయేది అదే. ఒకసారి మా వీధి చివరి కట్టెల అడితిలో నిలువునా చీల్చిన దుంగలో, పొడిపొడిగా రాలుతున్న చెక్క మధ్య, చిరిగిన తెల్లటి గూటి పొర, దానికి అంటుకున్న పురుగుల రెక్కలు చూశాను. అది మామూలు సాలీడుదే కావచ్చు. అయినా, తొర్ర పోతే ఏం పోతుందో ఆ రోజు అర్థమైంది.

అందుకే నా మనవి. ఈ సాలీడు ఉన్న అడవుల్లో తొర్ర ఉన్న ఏ చెట్టునూ, అది పచ్చిదైనా ఎండి నిలబడినదైనా, శాఖాపరమైన పనుల్లో సైతం నరకరాదని స్పష్టమైన ఉత్తర్వు ఇప్పించండి. అడవిని అరచేతి గీతల్లా ఎరిగిన చెంచులకు తగిన కూలి ఇచ్చి, సిబ్బందితో పాటు ఏటా రాత్రి వేళల్లో లెక్క తీయించండి. లెక్కను ప్రజల ముందు పెట్టండి గానీ, చెట్టు ఎక్కడుందో మాత్రం బయటపెట్టవద్దు. పట్టుకుపోయేవాళ్లకు కావలసింది ఆ ఒక్క వివరమే. సమీప గ్రామాల బడుల్లో దీని బొమ్మ వేలాడదీయించండి. కరిస్తే బాగా నొప్పి పుట్టే మాట నిజమే, అయినా ఇది కరిచి మనిషి చనిపోయిన దాఖలా లేదు. సాలీడు కనబడగానే చెప్పు తీసే అలవాటు మా గుత్తిలోనూ ఉంది, దాని సంగతి మేము చూసుకుంటాం. తొర్ర చెట్ల సంగతి మాత్రం మీ ఒక్క సంతకంతోనే అయ్యే పని.

భవదీయుడు,
గుత్తి వాసి