పిలుపు పేర్లు, పాత మాటలు: పూర్వ విద్యార్థుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం ఎక్కువగా ఒకే పని మీద కూర్చుంది. చదువుకునే రోజుల్లో మనం వాడిన మాటలు, పెట్టుకున్న పేర్లు, పాటించిన అలవాట్లు ఒకచోట రాసిపెట్టడం ఆ పని. దీనికి కారణం ఒక మరణ వార్త. సభ్యుల్లో ఒకరు పోయినప్పుడు రిజిస్టర్‌లో ఉన్న పూర్తి పేరుతో అందరికీ సంతాప సందేశం పంపాం. సాయంత్రం దాకా ఒక్క ఫోనూ రాలేదు. ఆయన రూమ్మేట్ చూసి, "ఆ పేరుతో వాణ్ని ఎవరు గుర్తుపడతారండీ, పక్కన 'తాత' అని రాయండి" అన్నారు. మిగతావాళ్ల కన్నా రెండేళ్లు ఆలస్యంగా చేరినందుకు మొదటి వారంలోనే పడిన పేరది. ఆ ఒక్క మాట చేర్చి మళ్లీ పంపితే రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మర్నాడే కార్యవర్గం కూర్చుని ఈ సేకరణ మొదలుపెట్టింది.

మాటలు అడగ్గానే వచ్చిపడ్డాయి. సంగతి ఒకటే, బ్యాచ్ మారేకొద్దీ మాట మారింది. పెద్దవాళ్లు క్లాసుకు డుమ్మా కొట్టారు, తర్వాతివాళ్లు బంక్ కొట్టారు. క్లాసంతా ఒక్కసారే లేచిపోతే అది మాస్ బంక్. పెద్దవాళ్లు పరీక్షలో డింకీ కొడితే, వాళ్ల వెనక వచ్చినవాళ్లకు పరీక్ష తన్నేసింది, ఆపైన సప్లీ పడింది, ఇప్పటి పిల్లలకు బ్యాక్‌లాగ్ ఉండిపోతోంది. రుబ్బడం, నైటౌట్, చిట్టీ, గొంతు మార్చి పక్కవాడి అటెండెన్స్ పలికే ప్రాక్సీ కూడా చేరాయి. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన ఒక సభ్యురాలు ఈ కాగితాలన్నీ ముందేసుకుని మంచి విషయం పట్టుకున్నారు. మాట ఎక్కణ్నుంచి వచ్చినా సరే, చివర 'కొట్టడం' తగిలించగానే అది మనదైపోతోంది: డుమ్మా, బంక్, డింకీ, బాతాఖానీ, సైటు. తర్వాతి స్థానం 'పట్టడం'ది: బట్టీ పట్టడం, కాకా పట్టడం. అందుకే మన పుస్తకాన్ని అక్షర క్రమంలో కాకుండా ఈ క్రియల ప్రకారం పేర్చాం. నాకు చాలా నచ్చిన పని ఇది.

"కుర్రతనంలో అనుకున్న మాటలకు పుస్తకమెందుకు" అని సర్వసభ్య సమావేశంలో ఒకరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. 19వ శతాబ్దం చివర్లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులకు మాటను కత్తిరించి చివర 'అర్' తగిలించే అలవాటు ఉండేది. రగ్బీని రగ్గర్ అన్నారు, అసోసియేషన్ ఫుట్‌బాల్‌ను సాకర్ అన్నారు. ఆ సాకర్ ఇవాళ లోకమంతటికీ తెలుసు. 1958లో అమెరికాలోని ఎంఐటీ అనే సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు ఆలివర్ స్మూట్ అనే తోటి విద్యార్థిని హార్వర్డ్ బ్రిడ్జి మీద మళ్లీ మళ్లీ పడుకోబెట్టి వంతెన పొడవు కొలిచారు. 364.4 స్మూట్లు, ఒక చెవి అటూ ఇటూ! ఒక స్మూట్ అంటే ఆయన ఎత్తు, 5 అడుగుల 7 అంగుళాలు. ఆ గీతలకు ఇప్పటికీ రంగు వేస్తూనే ఉన్నారు. స్మూట్ తర్వాతి కాలంలో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓకు అధ్యక్షుడయ్యారు కూడా.

అందరూ తమ పేరును అలా సంతోషంగా మోయలేదు. చిత్తుప్రతి చదివిన ఒక సభ్యురాలు నాకు ఫోన్ చేశారు. ఆవిడ ఒంటి రంగును బట్టి పెట్టిన పేరు అందులో ఉంది. "నవ్వకపోతే ఇంకా ఎక్కువ పిలుస్తారని చదువు అయ్యేదాకా నవ్వుతూనే పలికాను. దాన్ని మళ్లీ అచ్చులో చూడలేను" అన్నారు. ఆ పేరుతో పిలిచినవాళ్లలో నేనూ ఉన్నాను. క్షమించమని అడిగాను. రంగు, ఒడ్డూపొడుగూ, కులం, యాస పట్టుకుని పెట్టిన పేర్లు పుస్తకంలో ఉండకూడదని, మిగతావైనా ఆ మనిషి సరేనంటేనే వేయాలని కార్యవర్గం తీర్మానించింది. ఇంత పట్టింపు అవసరమా అని కొందరన్నారు. ఈ ఏడాది మనం తీసుకున్న నిర్ణయాల్లో ఇదే ముఖ్యమైనదని నేను నమ్ముతున్నాను. పోయినవాళ్ల విషయంలో ఇంటివాళ్లను అడుగుతున్నాం. 'తాత' గారి అబ్బాయి వెంటనే ఒప్పుకున్నారు.

ఆడిట్ అయిన లెక్కలు విడిగా జత చేశాం. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవాళ్లు దయచేసి చెల్లించండి.

అలవాట్ల భాగానికి ఇంకా చాలా రావాలి. చివరి పరీక్ష రోజు చొక్కాల మీద సంతకాలు పెట్టించుకోవడం గుర్తుందిగా? ఒక సభ్యుడు ఆ చొక్కాను ఉతక్కుండా దాచి తెచ్చారు. తెలుపు పసుపుకు తిరిగింది, నీలం సిరా చాలాచోట్ల ఊదాగా మారింది. కాలరు నుంచి అంచు దాకా వెతికాం, రిజిస్టర్‌లో ఉన్న పేరు ఒక్కటీ లేదు, అన్నీ పిలుపు పేర్లే. దాదాపు అందరినీ ఆయనే గుర్తుపట్టారు, ఇద్దరు మిగిలారు. చొక్కా ఫోటో చివరి పేజీలో వేశాం. ఎడమ జేబు కింద 'బుల్లెట్', వీపు మీద 'లాస్ట్ బెంచ్ రాజు' ఎవరో మీకు తెలిస్తే, లేదా అది మీరే అయితే, ఒక్క ఫోన్ చేయండి.

కార్యదర్శి