కణాలు చస్తే మందు వచ్చినట్టు కాదు
ల్యాబులో ఏదో కొత్త రసాయనం రొమ్ము క్యాన్సర్ కణాలను చంపితే ‘క్యాన్సర్‌కు మందు వచ్చేసింది’ అని శీర్షిక పెట్టడం ప్రమాదకరం. మా కావలిలో పక్కింటావిడ అలాంటి పేపరు కటింగు మడిచి పర్సులో పెట్టుకుని, రొమ్ములో గడ్డ ఉన్నా బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) వాయిదా వేస్తోంది. ఈ పరీక్షల్లో ఎక్కువగా వాడే ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలు 1970లో అమెరికాలో ఒక రోగి నుంచి తీసినవి. కణాలు ఎన్ని బతికాయో చూసే ఎంటీటీ పరీక్షలో బతికున్న కణాలు పసుపు రంగును ఊదాగా మారుస్తాయి. ఊదా తగ్గితే కణాలు తగ్గినట్టు. కణాలను పెంచే ఆ ల్యాబు ప్లేటులో కాలేయం లేదు, గుండె లేదు. ఆ రసాయనం మంచి కణాలను కూడా చంపుతుందేమో వేరే చూడాలి. ఆ తర్వాత జంతువులు, మనుషులు, ఏళ్ల పని. కాబట్టి పరీక్ష చేసింది కణాల మీదా, ఎలుకల మీదా, మనుషుల మీదా అన్నది వార్త మొదటి వాక్యంలోనే రాయండి. గడ్డ తగిలితే వెంటనే డాక్టరుకు చూపించుకోమని పక్కన ఒక్క లైను వేయండి.
— ఒక పాఠకురాలు, కావలి, నెల్లూరు జిల్లా