మా అమ్మను కాపాడిన చేపలాయనకు

వడదెబ్బ తగిలిన అమ్మను ఐసీయూ నుంచి వార్డుకు మార్చారు. రాత్రి నన్ను గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచింది. ఫోన్లు చేసిన వాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. తమ్ముడు, మరదలు, పిన్ని పగలూ రాత్రీ ఇక్కడే ఉన్నారు. వాళ్లకు థాంక్స్ చెబితే తిడతారు.

చెప్పాల్సింది చేపలాయన గురించి.

వైరా దగ్గర మిరప చేలో ఆఖరి కోత. ఎండకీ ఘాటుకీ అమ్మ చీర మీద నాన్న ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, మొహానికి తువ్వాలు చుట్టుకుంటుంది. లోపల ఒళ్లు ఉడికిపోతున్నా పక్కవాళ్లకి తెలియదు. మధ్యాహ్నం ఏదేదో మాట్లాడుతూ సాలులోనే కూలబడిందట. డొంకదారిన బండి మీద పోతున్న చేపలాయన ఆగి, 108కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. నోట్లో నీళ్లు పోయబోతున్న వాళ్లను ఆపారు, స్పృహ లేనప్పుడు పొరబోతుందని. ఆడవాళ్ల చేత చొక్కా తీయించి, తన థర్మాకోల్ పెట్టెలోని ఐసంతా మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో పెట్టించారు. ఒళ్లంతా తడిపి, ఖాళీ సంచులతో విసరమన్నారు. అంబులెన్స్ వచ్చేదాకా అదే పని.

జుట్టులో చేపల వాసనేంటని నర్సు అడిగింది. డాక్టరు మాత్రం ఆ ఐసే బతికించిందన్నారు. ఒళ్లు 104 దాటి మతి తప్పితే ముందు చల్లబరచాలట, ఆ తర్వాతే తరలించడం. జ్వరం బిళ్ల ఈ వేడికి పనిచేయదట.

మర్నాడు ఆయన ఆస్పత్రికి వచ్చారు. లోపలికి రమ్మంటే, "ఒంటి నిండా నీచు వాసనమ్మా, వద్దులే. అమ్మ కళ్లు తెరిచిందా?" అని గేటు దగ్గరే నిలబడ్డారు. అక్కడే ఏడ్చేశాను. డబ్బులివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఐసు లేక ఆ రోజు చేపలన్నీ పాడైపోతే పారబోశారని తర్వాత కూలీల మేస్త్రి చెబితే తెలిసింది. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు.

ఒక్క బాధ మాత్రం చెప్పుకోవాలి. పడిపోయిన చోట టెంపరేచర్ చూసిన వాళ్లు లేరు. మొదట తీసుకెళ్లిన ఆస్పత్రిలో చూసేసరికి ఐసు వల్ల 102. కేసు షీటులో "జ్వరం, నీరసం" అని రాసేశారు. వడదెబ్బను 2025లో మన తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది, చనిపోతే 4 లక్షలంది. సరే, మరి కాగితం మీద వడదెబ్బ అనే మాటే లేకపోతే ఎవరు లెక్కలోకి వస్తారు? టీవీలో చెప్పే 43 డిగ్రీలు కూడా నీడలో పెట్టిన పరికరం చూపించేది. చేలో కూలి ఒంటి వేడి ఎవరు కొలుస్తున్నారు? మేస్త్రుల దగ్గర తలా ఒక థర్మామీటరు ఉన్నా నయమే. చంకలో పెడితే లోపలి వేడి కంటే తక్కువే చూపిస్తుందట, అయినా కాగితం మీద రాయడానికి ఒక అంకె ఉండేది.

అయ్యో, 108 బండి నడిపిన పైలట్ అన్నకు చెప్పనేలేదు, థాంక్స్ అన్నా. అడగకుండానే మోటారు వేసిన పక్క చేను రైతుకీ, గొడుగు పట్టుకుని నిలబడ్డ పిల్లకీ కూడా. అమ్మ సద్ది గిన్నె, చెప్పులు దాచి ఉంచిన లక్ష్మక్కా, రేపు తమ్ముడు వచ్చి తీసుకుంటాడు.