గబ్బిలం మనుషుల పుస్తకం నవ్వి పక్కన పెట్టేది కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో చంద్రుడి మీద గబ్బిలం మనుషుల బొమ్మల పుస్తకం గురించి రాశారు, వెనకటి జనం అమాయకత్వానికి పిల్లలు కడుపుబ్బ నవ్వుతారని. పుస్తకం మా ఇంట్లోనూ ఉంది. బొమ్మలకు వంక పెట్టను. కానీ నవ్వించడంతోనే ఆగిపోయింది, అదే నా బాధ.

1835 ఆగస్టు 25 నుంచి న్యూయార్క్ 'సన్' పేపరు నిజం వార్తలా ఆరు భాగాలుగా వేసిన కట్టుకథ ఇది. జాన్ హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త దక్షిణాఫ్రికాలో పెద్ద టెలిస్కోప్ పెట్టి చూస్తే చంద్రుడి మీద అడవులు, రెండు కాళ్ల మీద నడిచే బీవర్లు (నీళ్ల దగ్గర బతికే, పెద్ద ఎలుకలాంటి జంతువులు), రెక్కల మనుషులు కనిపించారట. నమ్మరా మరి? హెర్షెల్ నిజం మనిషి, పేరున్నవాడు, అప్పుడు నిజంగానే కేప్‌టౌన్ దగ్గర ఉండి ఆకాశాన్ని పరిశీలిస్తున్నాడు, మంచి టెలిస్కోపూ ఉంది, పోనీ ఆయన్నే అడుగుదామంటే ఓడలో ఉత్తరం వెళ్లి రావడానికి నెలలు పడుతుంది. ఈ సంగతి పుస్తకంలో ఒక్క బొమ్మలోనూ లేదు, పేజీ పేజీకీ నోరెళ్లబెట్టిన టోపీవాళ్లే.

దొంగని పట్టుకునే ఆనవాళ్లూ కథలోనే ఉన్నాయి. ఫలానా ఎడిన్‌బరో పత్రిక నుంచి తీసుకున్నామన్నారు, ఆ పత్రిక అప్పటికే ఆగిపోయింది. చివరి భాగంలో టెలిస్కోప్ అద్దం మీద ఎండ పడి పరిశీలన కేంద్రమే కాలిందన్నారు. మా మేనల్లుడు అక్కడే పట్టేశాడు, "ఇంకెవరూ వెళ్లి చూడకుండా భలే కాల్చేశారు అత్తా" అని.

అయినా పాత అమెరికా వాళ్లని అనడమెందుకు, 1995 సెప్టెంబరులో వినాయకుడు పాలు తాగాడని మా పర్లాకిమిడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. చెంచాలో పాలు తగ్గడం నిజమే, అందరూ కళ్లారా చూశారు. తలతన్యత, అంటే ద్రవం పైభాగం సాగదీసిన పొరలా బిగుసుకుని ఉండే గుణం, దాని వల్ల విగ్రహం మీదికి లాగబడి సన్నటి పొరలా కిందికి జారిపోయాయంతే. రంగు కలిపిన పాలు పెట్టి చూస్తే ఆ దారి కనిపించింది. ఇక్కడా నిజం పక్కనే కూర్చుంది కల్పన.

మీరు పేపరువాళ్లు కాబట్టి ఇంకోమాట. కథ రాసింది 'సన్'లో పనిచేసే రిచర్డ్ ఆడమ్స్ లాక్, కానీ ఆ పేపరు మాత్రం అబద్ధం వేశామని ఏనాడూ సూటిగా ఒప్పుకోలేదు. పుస్తకంలో ఇదీ లేదు, మీ పరిచయంలోనూ లేదు!

ఇక్కడి మా పిల్లలకి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. తెలుగులో కూడబలుక్కుని చదివేది చాలామందికి మీ ఆదివారం పేజీ ఒక్కటే. అందులో ఆ చంద్రుడి కథనే కుదించి వేయండి. ఏ వాక్యం నిజమో ఏది కల్పనో గీత గీయమనండి. జవాబులు మాత్రం అదే పేజీలో తలకిందులుగా అచ్చేయకండి, వెంటనే తిప్పి చూసేస్తారు, వచ్చే వారానికి ఉంచండి.

- ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా