బీరువా తాళం గురించి విద్యాశాఖ మంత్రిగారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారములు.

గుంటూరు ప్రాంతంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఒక్క ఏళ్ళపాటు తెలుగు బోధించి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. పాఠశాల గ్రంథాలయాలూ పౌర గ్రంథాలయాలూ రెండూ మీ శాఖ పరిధిలోనివే కనుక ఈ విన్నపాన్ని మీకే చేసుకుంటున్నాను. పిల్లలు చదివినందువల్ల చిరిగిన, పోయిన పుస్తకాలను, వాటి ఖరీదు ఉపాధ్యాయుల నుంచి వసూలు చేసే బెడద లేకుండా, స్టాకు రిజిస్టరు నుంచి తొలగించే అధికారాన్ని ప్రధానోపాధ్యాయులకు ఇస్తూ ఒక స్పష్టమైన ఉత్తర్వు జారీ చేయించండి. పిల్లలకు చదివే అలవాటు చేయడానికి మనం తలపెడుతున్న మంచి పనులన్నీ చివరకు ఈ ఒక్క చోటే ఆగిపోతున్నాయని నా అనుభవం.

ఆ అనుభవమేమిటో కూడా చెప్పాలి. నేను పనిచేసిన ఒక పాఠశాలలో మూడేళ్ళపాటు గ్రంథాలయ బాధ్యత నాకు అప్పగించారు. వారానికి రెండు రోజులు మధ్యాహ్న భోజనం తరువాత బీరువా తెరిచి, అడిగినవారికి అడిగిన పుస్తకం ఇచ్చేవాణ్ణి. ఆ మూడేళ్ళలో ఇచ్చిన పుస్తకాల పద్దు నాలుగు వేలు దాటింది. బదిలీ వచ్చి ఛార్జి అప్పగించేనాటికి పద్నాలుగు పుస్తకాలు లెక్కకు రాలేదు. వాటి ఖరీదు పెద్ద సొమ్మేమీ కాదు, నేనే కట్టేశాను. కాని ఆడిట్ కాగితం మీద నా పేరు పక్కన ‘రికవరీ’ అన్న మాట పడింది. తరువాతి పాఠశాలలో అదే బాధ్యత మళ్ళీ నా మీద పడ్డప్పుడు నేను చేసిన మొదటి పని బీరువాకు తాళం వేయడం. తనిఖీకి ఎవరైనా వస్తే తెరిచేవాణ్ణి, అట్టలు తుడిచి వరుసగా పేర్పించేవాణ్ణి. అక్కడ ఉన్న నాలుగేళ్ళలో ఒక్క పుస్తకమూ పోలేదు, రిజిస్టరు బాగుందని మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పుకు నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

నేను అడుగుతున్నది వింత కోరికేమీ కాదు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించే 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలో 215వ నియమం గ్రంథాలయ పుస్తకాల సంగతి విడిగా చెబుతుంది. ఏడాదిలో పాఠకుల చేతికి ఇచ్చిన, లేదా అక్కడే చూసుకోనిచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే, అందులో మోసం గాని నిర్లక్ష్యం గాని లేనప్పుడు, దాన్ని సహజమైన నష్టంగానే భావించవచ్చునని ఆ నియమం. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకమైతేనో, అరుదైన ప్రతి అయితేనో మాత్రం తప్పక విచారణ చేయాలి. ఈ నియమాన్ని రాసినవారెవరో గాని గ్రంథాలయం సంగతి తెలిసినవారు. లెక్క బీరువాలో ఉన్న పుస్తకాల మీద కాదు, చేతులు మారిన పుస్తకాల మీద కట్టారు. ఎంత ఎక్కువగా ఇస్తే అంత ఎక్కువ నష్టాన్ని మన్నిస్తారు, ఎవరికీ ఏమీ ఇవ్వనివారికి మన్నింపే ఉండదు. ఈ కొలత ప్రకారం నాలుగు వేల పద్దుకు ఇరవై పుస్తకాల వరకు పోవచ్చు, నా దగ్గర పోయినవి పద్నాలుగు. మూడు వందల మంది పిల్లలున్న పాఠశాలలో ఒక్కొక్కరు నెలకు రెండు పుస్తకాల చొప్పున తొమ్మిది నెలలు తీసుకుంటే పద్దు 5,400 అవుతుంది, ఇరవై ఏడు పుస్తకాలకు ఉపాధ్యాయుడు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. మన పాఠశాలలకూ ఇటువంటి మాట ఒకటి, అనుమానానికి తావులేని తెలుగులో, రాతపూర్వకంగా కావాలి.

పోయిన పద్నాలుగింటిలో ఒకటి పదకొండేళ్ళ తరువాత నాకు మళ్ళీ కనబడింది. అప్పటి విద్యార్థి ఒకడు తెచ్చి ఇచ్చాడు. లోపలి అట్ట మీద పెన్సిలుతో అతని పేరు కింద ఇంకా నాలుగు పేర్లున్నాయి, వాటిలో రెండు ఆ బడి పిల్లలవి కానే కావు. రిజిస్టరు దృష్టిలో అది పోయిన పుస్తకం.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహులనదగిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాలలో మొదటిది పుస్తకాలు ఉన్నది ఉపయోగించుకోవడానికేనని. ఒకప్పుడు ఐరోపా గ్రంథాలయాల్లో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టి ఉంచేవారన్న విషయం ఆ సందర్భంలోనే ఆయన ప్రస్తావిస్తారు. మన దగ్గర గొలుసులు లేవు గాని గోద్రెజ్ తాళాలున్నాయి.

ఇక చదివే అలవాటు ఎలా అంటుకుంటుందన్నది చెప్పాలి, ఎందుకంటే ఈ తాళానికీ దానికీ నేరుగా సంబంధం ఉంది. ‘చదవండి, చదివితే బాగుపడతారు’ అని చెబితే చదివిన పిల్లవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. ఒక పుస్తకం చదివినవాడు పక్కవాడికి దాని గురించి చెప్పాలి, ఆ చెప్పిన పుస్తకం అప్పటికప్పుడు, ఆ వేడి చల్లారకముందే, విన్నవాడి చేతికి అందాలి. రెండోది జరగనప్పుడు మొదటిది వృథా. నేను బీరువా తెరిచి ఉంచిన రోజుల్లో ఒక చిన్న పద్ధతి పెట్టాను. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు దాని గురించి రెండు వాక్యాలు చీటీ మీద రాసి అందులోనే ఉంచాలి. బాగుందని గాని బాగులేదని గాని రాయకూడదు, లోపల ఏముందో చెప్పాలి. ఆరో తరగతి అమ్మాయి ఒకతె ఇలా రాసింది: ‘ఇందులో ఒక గాడిద ఉంది. అది చచ్చిపోదు, భయపడకుండా చదవండి.’ ఆ పుస్తకం ఆ ఏడాది బీరువాలోకి తిరిగి రాలేదు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళుతూనే ఉంది. అంతకు ముందు నేను తరగతిలో అదే పుస్తకాన్ని ఎంతో పొగిడాను, ఒక్కరూ అడగలేదు. ఉపాధ్యాయుడి సిఫారసులో పరీక్ష వాసన ఉంటుంది కాబోలు.

మా తరానికి ఈ పని చేసిపెట్టింది అద్దె పుస్తకాల దుకాణాలు. దుకాణదారుకు ఏ ఇంటివారు ఏం చదువుతారో తెలుసు. కొత్తది వచ్చినప్పుడు పక్కకు తీసిపెట్టి, ‘ఇది మీ అక్కయ్యకు నచ్చుతుంది, తీసుకుపో’ అనేవాడు. ఆయన బీఏలో ఏం చదివాడో, అసలు చదివాడో లేదో మాకు తెలియదు. పుస్తకం నలిగితే నొచ్చుకునేవాడు గాని ఇవ్వడం మానేవాడు కాదు, ఎందుకంటే ఇవ్వకపోతే ఆయనకు పూట గడవదు. బడి గ్రంథాలయానికి అటువంటి అవసరం ఎటూ లేదు. కనీసం ఇచ్చినందుకు దండన లేకుండానైనా చూడాలని నా ప్రార్థన.

ఈ ప్రాంతపు చరిత్రలో ఇంతకంటే పెద్ద ధైర్యమే ఉంది. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడడం, దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషి అందరికీ తెలిసినవే. నాకు మాత్రం 1935 నాటి పడవ ఎక్కువగా గుర్తుకొస్తుంది. పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పుస్తకాలను పడవలో తిప్పారు. నీటి మీద వెళ్ళే పుస్తకం తడుస్తుందనీ, ఊరూరా రేవులో దిగిన పుస్తకాలన్నీ మళ్ళీ పడవ ఎక్కకపోవచ్చుననీ ఆ మాత్రం వారికి తెలియక కాదు. తెలిసే తిప్పారు. ఇప్పుడు అదే కాలువ గట్టున ఉన్న బడుల్లో పుస్తకాలు తడవకుండా, నలగకుండా, తాళం కింద భద్రంగా ఉన్నాయి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననను. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి పాఠశాలలోనూ కథల పుస్తకాలు, పత్రికలు ఉన్న గ్రంథాలయం ఉండాలంటోంది. కేంద్ర పథకమైన సమగ్ర శిక్ష కింద ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి 5,000 రూపాయల నుంచి, పై తరగతులున్న పాఠశాలలకు 20,000 రూపాయల వరకు పుస్తకాలకు నిధులు ఇచ్చే ఏర్పాటు ఉంది. 2020 నవంబరులో మన రాష్ట్రంలో ‘చదవడం మాకిష్టం’ అనే పఠన కార్యక్రమం మొదలైంది, 2022 జనవరి 1న కేంద్రం వంద రోజుల పఠన కార్యక్రమం ప్రకటించింది. వీటి ఉద్దేశాన్ని శంకించను. అయితే కార్యక్రమానికి ముగింపు తేదీ ఉంటుంది, అలవాటుకు ఉండదు. కేరళలో గ్రంథాలయోద్యమ సారథి పి.ఎన్. పణిక్కర్ గారి వర్ధంతి అయిన జూన్ 19ని పఠన దినంగా పాటిస్తారు. అక్కడ ఆ రోజుకు విలువ ఉన్నదంటే మిగిలిన రోజుల్లో ఊరి గ్రంథాలయం తలుపులు తెరిచి ఉండడం వల్లనే. మాకు మరో దినోత్సవం వద్దు.

ఉత్తర్వు వెలువడితే దాని వెంటనే చేయదగినవి రెండు మూడున్నాయి. పుస్తకాల ఎంపికలో పిల్లల మాటకు చోటివ్వాలి. పైనుంచి వచ్చిన కట్టల్లో ఐదో తరగతివారు నోరు తిరగని గ్రాంథికమూ, ఒకే వీరుడి జీవిత చరిత్ర ఏడెనిమిది ప్రతులూ నేను విప్పి చూసినవే. ఏటా జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది కదా, చుట్టుపక్కల పాఠశాలలనైనా తమ నిధిలో కొంత భాగంతో అక్కడికి నలుగురైదుగురు పిల్లలను తీసుకువెళ్ళి వారు పట్టుకున్న పుస్తకాలనే కొననివ్వండి. చీటీల పద్ధతిని కూడా సర్క్యులర్లతో రుద్దకుండా, ఇష్టమైన బడులకు వదిలేయమని మనవి. దానికొక నమూనా, ఆ నమూనాకొక యాప్, యాప్‌లో రోజువారీ ఫొటో వచ్చాయంటే గాడిద గురించి రాసే పిల్ల ఇక రాయదు.

మరొకటి శాఖా గ్రంథాలయాల సంగతి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున ప్రజలు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. ఆ సొమ్ము స్థానిక సంస్థల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరాలన్నది పాత మొరే కనుక పొడిగించను. ఆ గ్రంథాలయాలు బడి వదిలే వేళకు తెరిచి ఉండేవే. ఆరో తరగతిలో చేరిన ప్రతి పిల్లవాడినీ, డిపాజిట్ అడగకుండా, బడి హామీ మీద వాటిలో సభ్యుణ్ణి చేయవచ్చు. బడులూ గ్రంథాలయాలూ ఒకే మంత్రి కింద ఉన్నప్పుడు దీనికి ఒక్క సంతకం చాలుననుకుంటాను.

బదిలీలు సాధారణంగా వేసవిలో జరుగుతాయి, ఛార్జి అప్పగింతలూ అప్పుడే. ఈ ఉత్తర్వు ఏప్రిల్ లోపల పాఠశాలలకు అందితే ఈ ఏడాది అప్పగింతల నుంచే అమలులోకి వస్తుంది. జూన్‌లో గ్రంథాలయ బాధ్యత తీసుకునే ఉపాధ్యాయుడు బీరువా తాళం చెవితో పాటు ఆ కాగితాన్ని కూడా అందుకుంటాడు.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు