చెల్లి ఇంటికొచ్చేసింది, అందరికీ కృతజ్ఞతలు

మా చెల్లి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసింది. వంతులేసుకుని రాత్రిళ్లు తోడున్న స్నేహితులకీ, తన పని నెత్తినేసుకున్న ఆఫీసువాళ్లకీ పేరుపేరునా థాంక్స్. తను రాయమంటేనే ఇదంతా రాస్తున్నాను.

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు లూపస్, అది మాకు కొత్త కాదు. కీళ్లనొప్పులు, బుగ్గల మీద ఎర్ర మచ్చలు, కిడ్నీ పరీక్షలు అలవాటైపోయాయి. ఈసారి జబ్బు మెదడు మీద దెబ్బ కొట్టింది. మొదట మాటల కోసం తడుముకునేది. తర్వాత గోడ అవతల ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని నిద్రపోవడం మానేసింది. టెన్షన్ అన్నారు కొందరు, మొండితనం అన్నారు ఇంకొందరు. పోనీండి.

అలా కొట్టిపారేయని మొదటి మనిషి లూపస్, కీళ్ల జబ్బులు చూసే మా రుమటాలజిస్టు గారు. వందలోంచి ఏడేసి చొప్పున తీసేస్తూ చెప్పమన్నారావిడ. రోజంతా లెక్కలతోనే పనిచేసే పిల్ల తొంభై మూడు దగ్గర ఆగిపోయి, వేళ్ల వంక చూస్తూ కూర్చుంది. ఎమ్మారైలో ఏమీ కనపడలేదు. "స్కాన్ బాగున్నా లూపస్ మెదడును ఇబ్బంది పెట్టగలదు" అన్నారు డాక్టరు గారు. సొంత ఒంటి మీదే దాడి చేసే యాంటీబాడీలు రక్తానికీ మెదడుకీ మధ్యనుండే అడ్డు దాటితే నరకణాల పని చెడుతుందట. కొందరిలో రక్తం గడ్డకట్టి పక్షవాతం కూడా వస్తుంది. మూర్ఛ, మతిమరుపు, డిప్రెషన్, భ్రమలు... మెదడు, నరాలకు సంబంధించి ఇలాంటివి 19 రకాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 1999లోనే జాబితా ఇచ్చిందని అప్పుడే తెలిసింది.

అసలు చిక్కేమిటంటే, ఇన్ఫెక్షన్ వచ్చినా, లూపస్‌కి వాడే స్టెరాయిడ్ డోసు ఎక్కువైనా మనిషి ఇలాగే తయారవుతుంది. లూపస్ వల్లయితే స్టెరాయిడ్ పెంచాలి, డోసు ఎక్కువవడం వల్లయితే తగ్గించాలి. అందుకే ముందు ఇన్ఫెక్షన్ ఉందేమోనని వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. మోకాళ్లు పొట్టకి ఆనించి పడుకోబెట్టి, "ఇప్పుడు చల్లగా తగులుతుందమ్మా, ఇప్పుడు చిన్న పోటు" అని ప్రతిదీ ముందే చెబుతూ భుజం పట్టుకున్న నర్సు గారికి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఎవరినీ దగ్గరికి రానివ్వని పిల్ల ఆవిడ చెయ్యి వదల్లేదు.

ఇన్ఫెక్షన్ లేదని తేలాక స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు మొదలుపెట్టారు. సైకియాట్రిస్టు గారు కూడా రోజూ వచ్చి చూశారు. ఇప్పుడు భ్రమలు పోయాయి. మతిమరుపు ఇంకా ఉంది, నిదానంగా తగ్గాలి. మాట కోసం వెతుక్కుంటుంటే దయచేసి మీరు అందించకండి, తనే చెబుతుంది. "నేను గుర్తున్నానా?" అని పరీక్షలూ పెట్టకండి.

ఈ మందులతో రోగనిరోధక శక్తి బాగా తగ్గుతుంది. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు తగ్గాకే రండి. మిగతావాళ్లు వచ్చేముందు నాకొక మెసేజ్ పెట్టండి, తను మేలుకుని ఉండే టైమ్ చెబుతాను.