బీరువాలో మూలుగుతున్న బోర్డులు
పిల్లలు ప్రయోగాలు చేసుకోవడానికి కొన్న ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్ బోర్డులు మా పర్లాకిమిడిలో బడి బీరువాలకే పరిమితమవుతున్నాయి. మా అబ్బాయి బడిలో చూశాను, వైర్లకు చుట్టిన రబ్బరు బ్యాండు కూడా విప్పలేదు. అడిగితే ‘పాడైతే ఎవరిది పూచీ?’ అన్నారు. నిజానికి చాలాసార్లు పాడయ్యేది బోర్డు కాదు, అందులోని ఎస్‌డీ మెమరీ కార్డు. బోర్డు ఆ కార్డులో ఏదో సమాచారం రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడిపోయి బోర్డు ఆన్ కాదు. వానాకాలంలో మా కరెంటు సంగతి చెప్పక్కర్లేదు! పెరటి మొక్కల మోటారుకు నేను పెట్టుకున్న పాత బోర్డు ఇలాగే మూడుసార్లు ఆగింది. కార్డు మీద రాయకుండా ఆపే ఓవర్‌లే సెట్టింగ్ పెట్టాక మళ్లీ మొరాయించలేదు, దానికి పైసా ఖర్చు కాలేదు. 2012లో 35 డాలర్లకు మొదలైన ఈ బోర్డుల్లో కొన్నిటి రేట్లు, మెమరీ చిప్‌లు ప్రియమై, 2025 డిసెంబరులో పెరిగాయి. కాబట్టి ఉన్నవాటినే వాడించాలి. లైబ్రరీ పుస్తకాల్లాగే బోర్డును, ఒక స్పేర్ కార్డుతో సహా, రెండు వారాలకు పిల్లల ఇంటికివ్వాలి. వాడే పద్ధతిని ఒక్క కాగితం మీద తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చు వేసి జతచేయాలి.
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా